బత్తిగది జోజి చూపించిన సినిమా

ఒక సినిమాను ఒక మనిషి ఎన్నిసార్లు చూడొచ్చు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పుస్తకాల సంగతైతే కొంత చెప్పగలను. బూర్గంపాడులో గ్రంథాలయం నడుపుతూ ముప్పై ఏళ్లు గడిపాను. ఒకే నవలను ఏడాదికోసారి తీసుకెళ్లే వాళ్లను చూశాను, నేనూ ఆ బాపతే. పదోసారి చదివేసరికి మనిషికి ఎంతో కొంత నెమ్మది వస్తుందని నమ్మేదాన్ని. జోజి ఒక సినిమాను వందసార్లకు పైగా చూశాడు. చూసినకొద్దీ అతనికి ఉన్న నెమ్మది కూడా పోయింది.

అతను నాకు వరద తర్వాత పరిచయం. 2022 జూలైలో గోదావరి మా వీధుల్లోకి వచ్చి, నాలుగు రోజులుండి పోయింది. పుస్తకాల కింది రెండు అరలూ బురదలో నానాయి. వరండాలో చీరలు పరిచి వాటిని ఆరబెడుతున్నాను. ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ ఒక పొడుగాటి మనిషి వచ్చి మెట్ల దగ్గర ఆగాడు. చేతిరుమాలులో ఏదో చుట్టి పట్టుకున్నాడు.

"మేడం, మీ దగ్గర కంప్యూటర్ ఉన్నదంట గదా. ఈ సీడీ ఆడుతదేమో చూస్తరా?"

"ఏం సినిమా?"

"ఆఖరి బిళ్ళ."

ఆ పేరు నేను వినలేదు. ఆ మాటే అంటే అతను ఏమీ నొచ్చుకోలేదు. "ఎవ్వరు వినలే. మూడు రోజులే ఆడింది," అన్నాడు. తన కొడుకు పరీక్షలో తప్పినా తెలివైనవాడేనని చెప్పే తండ్రి గొంతులా ఉంది ఆ గొంతు.

మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి పెడితే సీడీ ఆడింది. మళ్లీ తడిస్తే పోతుందని నేనే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. అలా మొదలైంది మా స్నేహం. ఆరోజు నుంచి వారానికి రెండుమూడు సార్లు వచ్చేవాడు. పేపరు చదివేవాడు, టీ తాగేవాడు, ఆ సినిమా గురించి మాట్లాడేవాడు.

అతని బతుకు గురించి నాకు తెలిసింది ఇంత. వాళ్ల నాన్న కల్లూరు దగ్గర పాలేరు పని మానేసి బొగ్గుబాయికి వచ్చాడు. జోజి ఇరవయ్యో ఏట బాయిలో దిగాడు. ఆరేళ్లకు బొగ్గుపెళ్ల మీద పడి కాలు విరిగితే, పైనే తేలిక పని ఇచ్చారు. బత్తిగదిలో, కార్మికుల దీపాలు ఉంచే చోట. అక్కడే రిటైరయ్యాడు. భార్య సవరమ్మ పోయాక, మా ఊరి దవాఖానాలో నర్సుగా ఉన్న కూతురు తబితా దగ్గరికి వచ్చాడు.

బత్తిగది పని అతను చెప్పినట్టే చెబుతాను. బాయిలోకి దిగే ప్రతి కార్మికుడికీ ఒక నంబరుంటుంది. ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి లోపలికి ఇస్తే, అదే నంబరు బత్తి బయటికి వస్తుంది. బిళ్ళను బోర్డు మీద కొక్కేనికి తగిలిస్తారు. మనిషి పైకొచ్చి బత్తి అప్పజెప్పితే బిళ్ళ తిరిగి ఇస్తారు. బోర్డు ఖాళీగా ఉంటే అందరూ పైకొచ్చినట్టు. ఒక్క బిళ్ళ వేలాడుతుంటే ఒక మనిషి కిందే ఉన్నట్టు.

"మేం మొఖాలు చూడం మేడం," అన్నాడు ఒకసారి. "ఇంతంత కిటికీ. చెయ్యొస్తది, నంబరొస్తది. చేతిని బట్టి మనిషిని గుర్తు పడ్తం."

బాయి మూతపడ్డ తర్వాత, 2011లో, హైదరాబాద్ నుంచి సాయికృష్ణ అనే కుర్ర డైరెక్టరు వచ్చి అక్కడ సినిమా తీశాడు. బత్తిగది ఎలా పనిచేస్తుందో చూపించడానికి జోజిని పది రోజులు పెట్టుకున్నారు. బత్తిగది మనిషిగా వేసిన నటుడికి బిళ్ళ అందుకోవడం, తగిలించడం అతనే నేర్పాడు. తెర మీద పేరు వేస్తామన్నారు. వేయలేదు. ఆ సంగతి ఎప్పుడెత్తినా, "పేరు వేయకపోతేంది, చెయ్యి నాదే," అనేవాడు.

ఆ సినిమా గురించి నేనూ కొంచెం చెప్పాలి. దయ్యాల సినిమాలంటే నాకు చిన్నచూపు. దీన్ని మొదట అతని మీద మొహమాటం కొద్దీ చూశాను, రెండోసారి నా కోసం చూశాను.

కొండకూ ఏటికీ మధ్య ఒక చిన్న బొగ్గు ఊరు. ఒకరోజు షిఫ్టు దిగి అందరూ పైకొస్తారు. బోర్డు మీద ఒక బిళ్ళ మిగులుతుంది. ఊరంతా వెతికితే ఎవరూ తప్పిపోలేదు. మర్నాడు మూడు బిళ్ళలు. ఒక ఇల్లాలు నలుగురికి వడ్డిస్తే ఐదు కంచాలు ఎంగిలై ఉంటాయి. బడిలో పంతులు హాజరు పిలిచి పుస్తకం మూస్తే, ఆ తర్వాత ఇంకో గొంతు "ఉన్నాను సార్" అంటుంది. ముందు కుక్కలు ఏరు దాటి వెళ్లిపోతాయి. ఊరు విడిచిన బస్సు గంట తర్వాత రెండో వైపు నుంచి అదే ఊళ్లోకి వస్తుంది. పొద్దు రోజుకో గంట ఆలస్యంగా పొడుస్తూ, ఒకరోజు ఇక పొడవదు. పైన చీకటే కింద చీకటే అయినప్పుడు ఇక్కడెందుకని జనం ఒక్కొక్కరే బాయిలోకి నడిచిపోతారు. బత్తిగది మనిషి ఒక్కడే మిగిలి, మూడు వందల బత్తీలూ వెలిగించి కూర్చుంటాడు. అప్పుడు కిటికీ దగ్గరికి చేతులు రావడం మొదలవుతుంది. అతను తల వంచుకునే ఒక్కో బిళ్ళా ఇచ్చేస్తుంటాడు. ఆఖరి చెయ్యి బిళ్ళ తీసుకోదు. అలాగే ఉంటుంది. అతను తలెత్తుతాడు. అతని ముఖం మీదే సినిమా అయిపోతుంది. అతను ఎవరిని చూశాడో మనకు చూపించరు.

పోస్టరు మీద మాత్రం పుర్రె, తెల్లచీర కట్టుకున్న పిల్ల. అవి రెండూ సినిమాలో లేవు. కొత్తగూడెంలో జనం విశ్రాంతి దగ్గరే ఈలలేసి లేచిపోయారట.

"ఆళ్లకు చెవుల్లేవు మేడం," అనేవాడు జోజి. "ఆ బిళ్ళల చప్పుడు విన్నరా? మొదటి రోజు ఒక్కటే టింగుమంటది. రోజురోజుకి చప్పుడు ముదురుతది. పాట లేదన్నరు. అదేగదా పాట!"

నిజమే. ఆ ఇత్తడి చప్పుడు విన్న తర్వాత మా ఇంట్లో గిన్నెలు తగిలినా నాకు ఒళ్లు జలదరించేది. ఒక ఊరు పిడుగులు పడి, మంటలు లేచి అంతమైపోవడం ఎవరైనా తీస్తారు. ఒక లెక్క తేలకపోవడం వల్ల లోకం అంతమైపోవడం సాయికృష్ణ తీశాడు. ఎవరి భుజం మీదా చల్లటి చెయ్యి పడదు, ఎవరూ కెవ్వుమనరు. ఉన్నవాళ్ల కంటే ఒకరు ఎక్కువ, అంతే. ఇంత సన్నటి దారం మీద రెండు గంటల భయాన్ని నడిపించిన కుర్రవాణ్ని మన వాళ్లు గుర్తించలేదంటే నాకూ బాధే. ఇప్పుడు ఏదో సీరియల్‌కు ఎడిటింగ్ చేసుకుంటున్నాడట.

"ఇంత కథ ఎలా తట్టింది ఆ పిల్లాడికి?" అని అడిగాను ఒకరోజు.

జోజి టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనే చెప్పిన. సగం."

మిగతా సగం ఆ మధ్యాహ్నం నాకు చెప్పాడు.

1998 ఆగస్టు. గోప్యా, జంపయ్య అని ఇద్దరు దోస్తులు. గోప్యా పర్మినెంటు కార్మికుడు. జంపయ్య బదిలీ కూలి, రానివాళ్ల బదులు దిగేవాడు. ఏడాదిలో ఇన్ని మస్టర్లు, అంటే హాజర్లు, పడితేనే అతనికి పర్మినెంటు అవుతుంది. జంపయ్య చుట్టాల పెళ్లికి వెళ్తూ తన బిళ్ళ గోప్యాకు ఇచ్చిపోయాడు. అలా ఒకరి మస్టరు ఇంకొకరు నిలబెట్టడం అక్కడ అందరికీ తెలిసిన సాయమే. గోప్యా పొద్దున తన షిఫ్టు చేశాడు. మూడింటికి పైకొచ్చి, బత్తి ఇచ్చి తన బిళ్ళ తీసుకున్నాడు. పది నిమిషాల తర్వాత అదే చెయ్యి జంపయ్య బిళ్ళతో కిటికీలోకి వచ్చింది. జోజి గుర్తుపట్టాడు. బత్తి ఇచ్చాడు.

ఐదింటికి కప్పు కూలింది. అందరినీ పైకి తెచ్చారు. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది. జంపయ్యది.

జంపయ్య తల్లి నాంచారమ్మకు కబురెళ్లింది. కాలనీ అంతా ఆమె వాకిట్లో చేరింది. వాళ్లలో గోప్యా భార్య ద్వాలి కూడా ఉంది. భర్త షిఫ్టు దిగి తండాకు పోయాడనుకుంది. బోర్డు లెక్కన అతను మూడింటికే పైకొచ్చాడు మరి. పక్కింటి నాంచారమ్మను ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తాగించి, తనూ ఏడ్చింది. జోజి అక్కడికి వెళ్లాడు. చూశాడు. ఏమీ చెప్పలేదు. చెబితే ఒకరి బిళ్ళ మీద ఇంకొకరికి బత్తి ఇచ్చినట్టు తేలుతుంది, నౌకరి పోతుంది. మర్నాడు పొద్దున జంపయ్య బస్సు దిగి తన ఇంటి ముందు తన కోసం ఏడుస్తున్న జనాన్ని చూశాకే నిజం బయటికొచ్చింది. మధ్యాహ్నానికి గోప్యా శవాన్ని బయటికి తీశారు. విచారణలో జోజి, "నంబరు చూసి ఇచ్చిన, మొఖం చూడలే," అన్నాడు. అందరూ నమ్మారు. ద్వాలి కూడా.

"ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేసిన," అన్నాడు. "ఆయన క్షమించిండు. మంచోడు. కానీ ఆయన ద్వాలి కాదు గదా మేడం."

ఆమెకు చెప్పాలి. ఇరవై నాలుగేళ్లుగా ఆ ఒక్క పనే మిగిలింది అతనికి. చాలాసార్లు వెళ్లాడు, పిల్లల చదువులు అడిగి వచ్చాడు. సినిమా మొదటిసారి చూసినప్పుడు, తను చెప్పని సగాన్ని కూడా సాయికృష్ణ ఎలాగో పట్టుకున్నాడని అతనికి అనిపించిందట. "నా నోటికి రానిది ఆ సినిమా చెప్తది. ఆమె పక్కన కూసొని చూస్తే చాలు. ఆఖరికి బత్తిగది మనిషి తల లేపుతడు చూడండి, అప్పుడు నేనూ లేపుత."

ఆ ఏడాది దాటి ఈస్టరు ముందరి తపస్సుకాలం వచ్చింది. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి, గ్రంథాలయంలో టీవీ పెట్టి మూడు కుర్చీలు వేశాను. ద్వాలికి గోప్యా ఉద్యోగం బదులు కంపెనీ ఆఫీసులో ఊడ్చే పని ఇచ్చారు. అదీ అయిపోయి ఇప్పుడు మా ఊరి అవతల తండాలో కూతురు సువర్ణ దగ్గర ఉంటోంది. సువర్ణ తల్లిని స్కూటీ మీద దింపి, "అన్నీ అడుగుతది మేడం, ఏమనుకోకుండ్రి," అని నవ్వి సంతకు వెళ్లింది.

ద్వాలి కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. "అన్నా, గిన్నేండ్లకు చెల్లెకు సినిమా చూపిస్తున్నవు. టికెట్టు లేదు, పల్లీల పొట్లం కూడ లేదు," అంది.

జోజి జేబులోంచి నిజంగానే పల్లీల పొట్లం తీశాడు. ఆమె పకపకా నవ్వింది.

మొదటి అరగంట ఆమె నోరు ఆగలేదు. "ఆ పిల్ల చీకట్ల ఒక్కతే పోతది చూడు, బుద్ధున్నదా?" "గా మేనేజరు మన పాత మేనేజర్ లెక్కనే మూతి ముడుస్తుండు." తర్వాత, "దయ్యం ఎప్పుడొస్తది అన్నా?"

"రాదు చెల్లె."

"రాదా? మరి కరెంటు దండుగ!"

కంచాల దగ్గరికి వచ్చేసరికి పల్లీలు నమలడం మానేసింది. బస్సు తిరిగి అదే ఊళ్లోకి వచ్చినప్పుడు కాళ్లు కిందికి దించింది. ఆఖరి చెయ్యి కిటికీలో అలాగే ఆగిపోయినప్పుడు నేను తెర చూడలేదు, జోజిని చూశాను. తెర మీద మనిషి తల ఎత్తాడు. జోజి కూడా ఎత్తాడు.

"నేను చూసిన చెల్లె," అన్నాడు.

"ఏంది?"

"ఆ రోజు. గోప్యా అని తెలిసే బత్తి ఇచ్చిన. నువ్వు నాంచారమ్మకు నీళ్లు తాపుతుంటే వాకిట్ల నిలబడి చూసిన. కింద ఉన్నది జంపయ్య కాదని నాకు తెలుసు. చెప్పలే."

టీవీలో తెర నల్లగా అయింది. ద్వాలి మిగిలిన పల్లీలతో పొట్లాన్ని మెల్లగా మడిచింది.

"చూసి?"

"చూసి పోయిన."

"ఆ రోజు ఇంటికి పోయి అన్నం తిన్న నేను," అంది ద్వాలి. ఎవరితోనో ఏదో మామూలు విషయం చెబుతున్నట్టు అంది. "ఆకలైంది, ఏడ్చి ఏడ్చి. మంచిగనే తిన్న. ఆయనకు కొంచెం గిన్నెల తీసిపెట్టిన."

జోజి రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"తిడ్తననుకున్నవా?"

"అవ్."

"తిట్టాలె. ఓపిక లేదు." ఆమె కుర్చీ అతని వైపు జరుపుకుంది. ఆమె ముఖంలో కోపం కాదు, ఒక ఆశ కనిపించింది నాకు. ఇప్పుడు తలచుకుంటే భయం వేసేది ఆ ఆశను చూసే. "అయితే ఆయన్ని ఆఖరికి చూసింది నువ్వే గదా అన్నా. గిన్ని రోజులు ఎవ్వరు చూడలేదనుకున్న. నంబరు చూసి ఇచ్చినవన్నరు. ఎట్లున్నడు? బాగ అలిసిపోయిండా? ఏమన్న అన్నడా?"

జోజి నల్లబడ్డ తెర వైపు చూశాడు.

"నవ్విండా?" అంది ఆమె. "చెప్పు అన్నా. ఆ కిటికీల నుంచి వంగి చూసుంటడు. ఎట్లున్నడు?"

"వంగి చూసిండు," అన్నాడు జోజి. "నవ్వి... గడ్డం మీద మచ్చ..."

"ఆయనకు మచ్చ యాడున్నది?"

గడ్డం మీద మచ్చ ఎవరికుందో నాకు తెలుసు. సినిమా మొదట్లో బిళ్ళ ఇచ్చే కార్మికుడికి ఉంది. ఎవరో జూనియర్ ఆర్టిస్టు. కిటికీలోంచి వంగి నవ్వి బత్తి అందుకుంటాడు. ఐదు సెకన్లు ఉంటాడేమో తెర మీద.

"యాదికి వస్తలేదు చెల్లె," అన్నాడు జోజి. అంత పొడుగు మనిషి కుర్చీలో చిన్నగా అయిపోయాడు. "కండ్లు మూసుకుంటే కిటికీ కనవడ్తది. చెయ్యి కనవడ్తది. తల లేపి చూస్తే ఈ సినిమాల మనిషే కనవడ్తడు. గోప్యా మొఖం పోయింది. ఎప్పుడు పోయిందో కూడ తెల్వదు. మొదట్ల ఉండె. నిజంగ ఉండె."

అతను ఇరవై నాలుగేళ్లు మోసుకొచ్చి ఇచ్చినది ఆమెకు అక్కర్లేకపోయింది. ఆమె అడిగినది అతని దగ్గర లేదు.

ద్వాలి నా వైపు తిరిగింది. "మేడం, ఆ మనిషిని ఇంకోసారి చూపియ్యి."

రిమోట్‌తో వెనక్కి తిప్పాను. రెండుసార్లు దాటిపోయింది. చివరికి దొరికాడు. కిటికీలోంచి వంగి, గడ్డం మీద మచ్చతో నవ్వుతూ. అక్కడ ఆపాను. ద్వాలి లేచి టీవీ దగ్గరికి వెళ్లి, కళ్లద్దాలు సరిచేసుకుని, తెరకు జానెడు దూరంలో నిలబడి చూసింది. అలా చాలాసేపు చూసింది. నేనూ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

"కాదు," అంది. "ఆయన గిట్ల నవ్వడు. పండ్లు కనవడనియ్యడు, ముందల పన్ను సగం విరిగింది గదా, సిగ్గు. మూతి మూసుకునే నవ్వుతడు, ఒక్క పక్కకు. కుడి కన్ను చిన్నగైతది. బొగ్గు మీదున్నప్పుడు ఆ కంటి కొసకు తెల్లగ ఒక్క గీత వడేది, గీడ." తెర మీద ఆ పరాయి మనిషి కంటి కొసన వేలు పెట్టి చూపించింది. "గీడ. అదొక్కటి పట్టుకుంటే మనిషంత యాదికొస్తడు. వింటున్నవా అన్నా?"

జవాబు లేదు. ఇద్దరం వెనక్కి తిరిగాం.

కుర్చీ ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గర మా ఇద్దరి చెప్పులే ఉన్నాయి. వరండాలోకి వచ్చాను. ఎండలో జోజి అప్పటికే గేటు దాటి, కాలు ఈడ్చుకుంటూ సారపాక రోడ్డు ఎక్కుతున్నాడు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. నా వెనక ద్వాలి వచ్చి నిలబడింది. ఇద్దరిలో ఎవరమూ పిలవలేదు. అతను వెనక్కి చూడలేదు.